నల్ల వైరు కంటే ముందు

వికారాబాద్‌లో ముసురు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. ఈ ఏడు పదిహేను రోజులు పట్టుకుంది. ఇంటి ముందు రేకుల కింద నిలబెట్టిన కారును అన్ని రోజులూ ఎవరూ ముట్టలేదు. తెరిపిచ్చిన రోజు పొద్దున మా కోడలు స్రవంతి ఆఫీసుకు పోదామని తాళం తిప్పితే అది టక్ టక్ మని రెండుసార్లు అని నోరు మూసుకుంది. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ కొసల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంది. మావాడు అప్పటికే మోటార్ సైకిలు మీద తాండూరు బయలుదేరాడు. అక్కడి బండల పాలిషింగ్ యూనిట్లలో మిషన్లు బాగుచేయడం వాడి పని. "ఎక్కువ రోజులు తియ్యకుంటే నల్ల వైరు విప్పి పెట్టుండ్రి అని నేను మొత్తుకుంటే మీరిద్దరు నవ్విండ్రు" అన్నాను. దెప్పే అవకాశం దొరికితే వదులుకునే మనిషిని కాను. స్రవంతి అదేమీ పట్టించుకోకుండా ఫోన్లో ఏదో వీడియో పెట్టుకుని, చున్నీ నడుముకు బిగించి, పానా పట్టుకుని ముందుకు వంగింది. వంగగానే మెడలోని పుస్తెలతాడు జారి బయటికొచ్చి బ్యాటరీ మీద ఊగింది. "ఆగు!" అని నేను అరిచిన అరుపుకు పక్కింటి వాళ్లు కూడా బయటికొచ్చారు.

పిల్ల పాపం పానా కింద పడేసింది. "ఏమైంది అత్తమ్మా?" అని అడుగుతుండగానే లోపలికి పోయాను. బీరువా అడుగు అరలో, చీరల కింద దాచిన మా అమ్మ పానా తీశాను. పదో నంబరు పానా. ఒక్క నోరు మాత్రం బయటికి కనిపిస్తుంది, మిగతా అంతా సైకిల్ ట్యూబు చుట్టి దారంతో బిగించి ఉంటుంది. అమ్మ పోయినప్పుడు మా వాళ్లు ఆమె గిన్నెలు, చీరలు పంచుకుంటుంటే నేను దీన్ని అడిగాను. అందరూ నన్ను వింతగా చూశారు. ఆ రబ్బరు ఇప్పుడు గట్టిపడి పగుళ్లిచ్చింది. అయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ వాసన వస్తుంది. పులుపూ కాదు, ఘాటూ కాదు, గొంతులో గరగరలాడే ఆ యాసిడ్ వాసన. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది.

మా అమ్మ పేరు అనసూయ. తాండూరులో స్టేషనుకు పోయే దారిలో బ్యాటరీలకు చార్జింగ్ పెట్టే దుకాణం నడిపేది. దుకాణం మొదట నాయినది. ఆయనే అమ్మకు పని నేర్పాడు. తర్వాత ఆయన బండల లారీ మీద డ్రైవరుగా కుదిరి, వెళ్తే పది రోజులకు గాని తిరిగి రాకుండా పోయేసరికి, దుకాణం మొత్తం అమ్మ చేతికి వచ్చింది. గోడలు బండలు, కప్పు బండలు, కింద పరిచింది కూడా నాపరాయే. లోపల చెక్కబల్ల మీద బ్యాటరీలు వరసగా కూర్చుని, మూతలు తెరుచుకుని, సన్నగా బుడబుడమంటూ ఉండేవి. పక్కింట్లో కందులు వేయించే వాసన, మా దుకాణంలో యాసిడ్ వాసన గుమ్మం దగ్గర కలుసుకునేవి. నేను బడి నుంచి రాగానే చేసే మొదటి పని అమ్మ వెనక నిలబడి నేలను చూడటం. యాసిడ్ చుక్క నాపరాయి మీద పడితే బుస్సుమని నురగ లేస్తుంది. రాయి ఉడుకుతుంది! నిప్పు లేదు, పొయ్యి లేదు, చల్లటి నీలిరంగు బండ నా కళ్ల ముందు పాలలాగా పొంగేది. దాన్ని ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరేది కాదు. ఊళ్లో అందరూ నడిచే, కూర్చునే, పడుకునే రాయి లోపల ఇంత కోపం దాగుందా అని నోరు తెరుచుకుని చూసేదాన్ని. ఎక్కువ ఒలికితే అమ్మ పాలిషింగ్ యూనిట్ల దగ్గర తెచ్చి పెట్టుకున్న బండల పొడి దోసెడు చల్లేది. అదంతా నురగ కక్కి, నురగ కక్కి చల్లబడేది. "రాయి తాగేసింది బిడ్డా, ఇగ భయం లేదు" అనేది.

అమ్మకు పని దగ్గర తమాషాలు నచ్చవు. నాయిన పాత టెర్లిన్ చొక్కా చీర మీద తొడుక్కుని, జడ ముడేసి, కళ్లకు ఎవరిదో వెల్డింగ్ అద్దాల చట్రంలో తెల్ల అద్దాలు వేయించుకుని పెట్టుకునేది. బీడీతో వచ్చినవాడిని గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. జీపో కారో వస్తే ముందు తాళం తీసి తన చేతికి ఇమ్మనేది. ఆ తర్వాత నల్ల వైరు విప్పేది, ఆఖరున ఎర్రది. కట్టేటప్పుడు ఎర్రది ముందు, నల్లది ఆఖరున. అప్పటి బండ్లకు రెండు వైర్లూ మురికి పట్టి ఒకే రంగులో ఉండేవి కాబట్టి, తనే నల్లగుడ్డ పేలిక, ఎర్రగుడ్డ పేలిక కట్టి గుర్తు పెట్టుకునేది. ఎందుకే నల్లదే ముందు అని అడిగితే ఇట్లా చెప్పింది: "బండి ఒళ్లంత ఇనుమే గద. నల్లది ఆ ఒంటికి కట్టి ఉంటది. నల్లది ఉండంగనే ఎర్రదాన్ని ముట్టినవనుకో, పానా జారి ఒంటికి తగిలితే నిప్పు పుడ్తది. నల్లది తీస్తే బండికి, బ్యాటరీకి సంబంధం తెగినట్టే. ఇగ పానా యాడ తగిలినా ఏం కాదు." పొడి పట్టిన కొసల మీద వేడినీళ్లు పోసి, బ్రష్షుతో రుద్ది, ఆరాక వ్యాజిలిన్ రాసి బిగించేది. సెల్లుల్లో నీళ్లు తగ్గితే డిస్టిల్ వాటర్ పోసేది, నల్లా తిప్పి పట్టిన నీళ్లు పోసిన డ్రైవర్లను మాత్రం పేరు పెట్టి తిట్టేది.

పని మొదలుపెట్టే ముందు అమ్మ చేసే ఇంకో పని ఉంది. మెడలోంచి పుస్తెలతాడు తీసి, దేవుడి క్యాలెండరు పక్కన ఉన్న మేకుకు తగిలించేది. చేతులకున్నవి మట్టిగాజులు, వాటితో ఫికర్ లేదు. మెడలోని బంగారంతోనే భయం. బంగారానికి బదులు పసుపుతాడు కట్టుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. పెళ్లయిన కొత్తలో అమ్మ మెడలో ఉన్నది పసుపుతాడే. యాసిడ్ ఆవిరికీ తుంపరకూ నూలుబట్ట నిలవదు. అమ్మ చీరలన్నీ జల్లెడలే. అట్లాగే ఆ తాడు కూడా నాని, చివికి, ఒకరోజు దుకాణంలోనే పుటుక్కున తెగిందట. మా నాయనమ్మ బాలమ్మ ఆ రోజు పెట్టిన ఏడుపుకు నాయిన అప్పో సప్పో చేసి బంగారు తాడు చేయించాడు. నూలును యాసిడ్ తింటుంది, బంగారం కరెంటును మోస్తుంది. ఇక మిగిలిన దారి తీసి పెట్టడమొక్కటే.

ఆ దారి నాయనమ్మకు ప్రాణసంకటం. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడు బండలు నింపిన లారీ మీద ఏ ఘాట్‌లో, ఏ మలుపు దగ్గర ఉన్నాడో తెలియని పగటిపూట, కోడలి మెడ బోసిగా కనిపిస్తే ఆమె ముఖంలో నెత్తురు ఉండేది కాదు. ఒకరోజు పిండిగిర్నీకి పోతూ మా దుకాణంలోకి తొంగిచూసిన ఒకామె, "బాలమ్మా, నీ కొడుకుకు ఏమైంది? నాకు చెప్పనే లేదు" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. నాయనమ్మ ఆమెను తిట్టి పంపింది గానీ, ఇంటికొచ్చి చాపమీద కూలబడింది. ఆ సాయంత్రం జొన్నరొట్టె కొడుతున్న అమ్మ దగ్గరికి వచ్చి అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

"అనసూయా, వాడు ఇంట్ల ఉన్నన్ని రోజులు నీ ఇష్టమున్నట్టు చేస్కో. వాడు బండెక్కి పోయినంక మాత్రం నీ మెడల పుస్తెలు ఉండాలె. నాకు గీ ఒక్కటి ఇయ్యి."

"అత్తా, అది తగిలితే నేను కాలిపోత."

"లోపటికి దోపి పిన్నీసు పెట్టుకో. జాగ్రత్తగ ఉండు. నాకు భయమైతుంది బిడ్డా."

నాయనమ్మ గదమాయించి ఉంటే అమ్మ ఎదురు తిరిగేదేమో. భయమైతుంది అనేసరికి అమ్మ ఒప్పుకుంది. మర్నాటి నుంచి పుస్తెలతాడు జాకెట్టు లోపలికి దోపి పిన్నీసు పెట్టుకుని పనిలోకి దిగింది. మేకు ఖాళీగా ఉండేది.

నెల గడిచిందో లేదో, ఒక మధ్యాహ్నం బండల గని నుంచి ఒక జీపు వచ్చింది. "జర జల్ది చెయ్యక్కా, సేఠ్ ఎదురుచూస్తుండు" అని డ్రైవరు ఒకటే తొందర. నల్ల వైరు బోల్టు పొడి పట్టి బిగుసుకుపోయింది. అమ్మ దాని మీద వేడినీళ్లు పోసి, కళ్లు దగ్గరగా పెట్టి, బాగా వంగి చూస్తోంది. నేను కెటిల్ పట్టుకుని పక్కనే ఉన్నాను. నాయనమ్మ అప్పుడే సద్దిగిన్నె పట్టుకుని గుమ్మం ఎక్కింది. పిన్నీసు ఊడలేదు. పిన్నీసు పెట్టిన జాకెట్టు గుడ్డే, ఎప్పటి యాసిడ్ చుక్కకో చివికినది, చిరిగిపోయింది. తాడు జారి బయటపడింది. ఒక కొస ఎర్ర వైరు బిగించిన చోట, ఇంకో కొస బ్యాటరీని పట్టి ఉంచే ఇనుప పట్టీకి తగిలాయి. ఠప్పుమంది. నీలం మెరుపు. తాడు ఒక్క రెప్పపాటు ఎర్రగా వెలగడం నేను చూశాను. అమ్మ మెడ మీద వెలిగింది అది. అది తెగి లోపల ఎక్కడో పడిపోయేలోపు అమ్మ వెనక్కి పడింది. కాలిన వాసన వచ్చింది. కెటిల్ వదిలేసి నేను కెవ్వున ఏడ్చాను.

నాయనమ్మ ఏడవలేదు. మూల ఉన్న నీళ్లకుండ ఎత్తి మొత్తం అమ్మ మెడ మీద కుమ్మరించింది. డ్రైవరును కేకేసి ఇంకా నీళ్లు తెప్పించి పోస్తూనే ఉంది. ఆ తర్వాత, మోకాళ్ల నొప్పులతో గుమ్మం ఎక్కడానికే గోడ పట్టుకునే ఆ మనిషి, జీపు కింద బోర్లా పడుకుని పాకుతూ లోపలికి దూరింది. చాలాసేపటికి బయటికొచ్చింది. తల నిండా మట్టి, ముఖానికి ఆయిలు. గుప్పిట విప్పితే అందులో రెండు పుస్తెలున్నాయి. వాటిని కొంగున ముడేసుకుంది. ఒక పసుపుకొమ్ము దారానికి కట్టి, కాలిన చోట తగలకుండా వదులుగా అమ్మ మెడలో వేసింది. అమ్మ మెడ కుడిపక్కన గీత గీసినట్టు కాలింది. అది ఆమె పోయేదాకా ఉంది.

తరువాతి మూడు రోజులు దుకాణం తెరవలేదు. పసుపుతాడుతో అమ్మ యాసిడ్ దగ్గరికి పోదు గదా. నాయనమ్మ మాత్రం మూసిన దుకాణం ముందు బండ మీద కూర్చుని, మలుపు తిరిగే ప్రతి లారీని చూసేది. అన్నం పెడితే ఆకలి లేదనేది. అమ్మను ఒక్క మాట అనలేదు. అమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు. తాడు తెగింది, అదీ వాడు రోడ్డు మీద ఉండగా తెగింది అన్న మాట ఇద్దరి మధ్యా ఉంది, ఇద్దరూ దాన్ని నోటితో అనడానికి భయపడ్డారు. నాకు ఆ వయసులో అంతా అర్థం కాకపోయినా నాయిన రాడేమోనన్న భయం మాత్రం బాగా పట్టుకుంది.

నాలుగో రోజు నాయిన వచ్చాడు. ఎప్పటిలాగే తువ్వాలు భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ వచ్చాడు. నాయనమ్మ అతని రెండు చేతులూ తడిమి, తాడు తెగిన గురువారాన్ని మనసులో పెట్టుకుని, "బేస్తారం పగటీలి నువ్వు యాడున్నవ్‌రా?" అని అడిగింది. "బేస్తారమా? అన్నం తిని బండి కింద నీడకు పండుకున్న. ఎందుకే?" అన్నాడు. "ఏం కాలే గద?" అంది నాయనమ్మ. "పండుకుంటే కలొచ్చింది, గంతే" అన్నాడు నాయిన. ఆమె మూడుసార్లు అడిగింది, అతను మూడుసార్లూ అదే చెప్పాడు. లోపలికి పోయి అమ్మ మెడ చూశాక అతని ఈల ఆగిపోయింది. జరిగింది అంతా విన్నాడు. కోపం తెచ్చుకోలేదు. "నాకేం కాలె గదనే అమ్మా. అయ్యింది గీమెకే" అన్నాడు. నాయనమ్మ తల వంచుకుంది. ఆ రోజు మాత్రం అన్నం తింది.

తాడు అతికించి తెచ్చాక నాయిన మళ్లీ లారీ ఎక్కాడు. మర్నాడు అమ్మ దుకాణం తెరిచి, చొక్కా తొడుక్కుని, మెడలోని తాడు మీద చెయ్యి వేసి అట్లాగే ఆగింది. మేకు వైపు చూసింది, లోపలికి దోపుకోబోయింది, మళ్లీ ఆగింది. అప్పుడు నాయనమ్మ ఇంట్లోంచి పీట పట్టుకుని వచ్చింది. పీటను బ్యాటరీల బల్లకు దూరంగా, గుమ్మం దగ్గర వేసుకుని కూర్చుంది. కుడిచెయ్యి చాపింది.

"ఇటు తే" అంది.

అమ్మకు అర్థం కాలేదు. "ఏంది అత్తా?"

"పుస్తెలు ఇటు తే. వాడు నా కడుపుల ఉన్నప్పుడు నీ పుస్తెలు యాడున్నయే? తొమ్మిది నెలలు నేనొక్కదాన్నే కాసిన. గీ గంటసేపు గూడ నేనే కాస్త. నువ్వు పని చూస్కో."

అమ్మ తాడు తీసి ఆమె చేతిలో పెట్టింది. నాయనమ్మ గుప్పిట మూసుకుంది. రాయి పొంగడం చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఈ దృశ్యం ముందు ఏపాటిది! అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ నేను అంత పెద్ద మాట వినలేదు. నమ్మకాన్ని వదులుకోలేదు ఆమె, కోడలినీ వదులుకోలేదు. రెంటినీ ఒక్క గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది.

ఇక అదే మా దుకాణం పద్ధతి అయింది. పుస్తెలు అత్త చేతికి, తర్వాత నల్ల వైరు, తర్వాత ఎర్ర వైరు. పని అయ్యేదాకా నాయనమ్మ పీట మీద నుంచి లేచేది కాదు. ముక్కు దురద పెడితే ఎడమచేత్తో గోక్కునేది. పిండిగిర్నీ ఆమె మళ్లీ ఒకసారి తొంగిచూస్తే గుప్పిట ఎత్తి చూపించి, "ఇగో, నా కొడుకు ఈడ ఉన్నడు, పో" అంది. నాలాంటి పిల్లకు అదంతా పండుగే. పని అయ్యి, అమ్మ చేతులు కడుక్కుని వచ్చి మెడ వంచితే ఆమె తాడు వేసేది. అప్పుడు ఆమె అరచేతిలో రెండు గుండ్రటి గుంటలు పడి ఉండేవి. నేను వాటిలో వేలు పెట్టి, "ఏంది నాయనమ్మా గివి?" అని అడిగేదాన్ని. "ముసలి తోలు బిడ్డా, ఏది ఒత్తినా గుర్తు పడ్తది" అనేది. నేను నమ్మాను.

ఇప్పటి బ్యాటరీలకు నీళ్లు పోసే పని లేదు, మూతలు తెరుచుకునేవి కావు, యాసిడ్ వాసన రాదు. నాపరాయి ఉడకడాన్ని చూసి నోరు తెరిచే పిల్లలూ లేరు. ఆడవాళ్లు కారు నడుపుతారు, బానెట్ ఎత్తుతారు, ఎవరూ తొంగిచూసి గుండెల మీద చెయ్యి వేసుకోరు. ఇదంతా మంచికే. అందుకే ఆ రోజు నేను కోడలితో చాలా తేలిగ్గా అన్నాను: "మెడలది తీసి పెట్టు స్రవంతీ. తర్వాత నల్ల వైరు విప్పు." ఆమె తాడు మీద చెయ్యి వేసుకుంది. తీయలేదు. కంప్యూటర్ల ముందు ఉద్యోగం చేసే పిల్ల, ఉపవాసాలంటే నవ్వే పిల్ల, నేల చూపులు చూస్తూ, "ఆయన బండి మీద పోతుండు గద అత్తమ్మా... చేరినంక తీస్త" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని కుడిచెయ్యి చాపాను.

ఆమె తాడు తీసి నా చేతిలో పెట్టింది. ఇంకా ఒంటి వెచ్చదనం పోలేదు దానికి. గుప్పిట మూసుకున్నాను. "నల్లది ముందు విప్పు. దూరంగ వంచి పెట్టు, తిరిగి తగలొద్దు. ఇప్పుడు ఎర్రది" అని చెబుతూనే ఉన్నాను. ఆమె మా అమ్మ పానాతో విప్పింది, వేడినీళ్లు పోసింది, పాత టూత్ బ్రష్షుతో రుద్దింది, తుడిచింది, వ్యాజిలిన్ రాసింది. చక్కగా చేసింది. నేను మాత్రం మావాడు ఇప్పుడు ధారూరు దాటి ఉంటాడా, వానకు రోడ్డు మీద గుంతలు పడ్డాయంటున్నారే, ఎదురుగా బండల లారీలు వస్తుంటాయే అని లెక్కలు వేస్తున్నాను. నేను ఇట్లాంటివి నమ్మని మనిషిని. ఊళ్లో పదిమందికి నమ్మొద్దని చెప్పిన మనిషిని. అయినా ముక్కు దురద పెడితే ఎడమచేత్తో గోక్కున్నాను. ఆ గంటసేపు నాకు నిజంగా భయమేసింది. రోజూ, ఏళ్లకేళ్లు, ఈ భయాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఆ ముసలామె ఎట్లా కూర్చుందో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

ఎర్రది బిగించి, ఆఖరున నల్లది బిగించి, స్రవంతి తాళం తిప్పింది. కారు ఒక్కసారికే అందుకుంది. ఆమె సంబరంగా చేతులు కడుక్కుని వచ్చి మెడ వంచింది. తాడు వేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఏంది అత్తమ్మా, గీ గుర్తులు?" అని అడిగింది. చూసుకున్నాను. అరచేతిలో రెండు గుండ్రటి గుంటలు, లోతుగా, ఎర్రగా ఉన్నాయి.

"ముసలి తోలు బిడ్డా" అన్నాను. "ఏది ఒత్తినా గుర్తు పడ్తది."